బస్సు ఎక్కనివ్వలేదు, ఎందుకో కాగితం మీద రాసి ఇవ్వలేదు

నెల్లూరు జిల్లా ఉత్తరపు కొసన, హైవేకు ఆనుకుని ఉన్న ఒక పల్లె నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు, కంపెనీ వివరాలు వేయవద్దని కోరారు కనుక, ఆమెను గుర్తుపట్టడానికి వీలున్న సంగతులన్నీ తీసేసి సారాంశం మాత్రమే ఇస్తున్నాను.

ఆమె వయసు 36. రొయ్యలను శుభ్రం చేసి ఎగుమతి చేసే ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్లుగా పని చేస్తున్నారు. మొదట తలలు తీసే పనిలో చేరారు, నాలుగేళ్లుగా రొయ్యలను సైజులవారీగా వేరుచేసే గ్రేడింగ్ బల్ల దగ్గర ఉంటున్నారు. నెల జీతం 13,000 రూపాయలు. భర్త చనిపోయి ఆరేళ్లయింది. ఆయన జబ్బు పడినప్పుడే తనకూ హెచ్ఐవీ ఉన్నట్లు తెలిసింది. అప్పటి నుంచి ఒక్క నెలా తప్పకుండా ప్రభుత్వాసుపత్రిలోని ఏఆర్‌టీ కేంద్రం (హెచ్ఐవీ చికిత్స విభాగం) నుంచి మందులు తెచ్చుకుని వాడుతున్నారు. వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిపోయిందని వైరల్ లోడ్ రిపోర్టులో ఉంది. కూతురు ఇంటర్ రెండో సంవత్సరం, కొడుకు తొమ్మిదో తరగతి. పిల్లలిద్దరికీ వైరస్ లేదు. మొన్నటిదాకా తల్లికీ అన్నకూ తప్ప ఈ సంగతి బయట ఎవరికీ తెలియదు.

పోయిన ఆషాఢంలో కంపెనీవాళ్లు హెల్త్ క్యాంపు పెట్టారు. షుగరుకూ రక్తహీనతకూ అని చెప్పి అందరి దగ్గరా రక్తం తీసుకున్నారు, ఏ కాగితం మీదా సంతకం పెట్టించుకోలేదు. పదకొండో రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు ఆమె ఎప్పటిలాగే టిఫిన్ క్యారియరు పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డారు. కంపెనీ బస్సు ఆగింది గానీ డ్రైవరు తలుపు తీయలేదు. కిటికీలోంచే "అక్కా, నీ పేరు లిస్టులో కొట్టేసుండారు, ఎక్కించుకోబాకని చెప్పారు" అన్నాడు. రోజూ పక్క సీట్లో కూర్చునే మనిషి తల అటు తిప్పుకుంది. ఆటో మాట్లాడుకుని ఫ్యాక్టరీకి వెళితే హెచ్ఆర్ ఆఫీసులో నోటిమాటగా ఒకటే చెప్పారు: ఇది తినే సరుకు, బయట దేశాల బయ్యర్లకు తెలిస్తే ఆర్డర్లు పోతాయి. కాగితం ఏదీ ఇవ్వలేదు. మర్నాడు కాంట్రాక్టరు ఇంటికి వచ్చి 15,000 రూపాయలు ఇస్తాననీ, సగం ఖాళీగా ఉన్న ఒక కాగితం మీద సంతకం పెట్టమనీ అడిగాడు. వారం తిరిగేసరికి, ఊళ్లో ఆ ఫ్యాక్టరీకి వెళ్లే ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో సూపర్‌వైజరు వాయిస్ మెసేజ్ పెట్టాడు. అందులో ఈమె పేరు చెప్పి, ఆమె ముట్టుకున్న గ్లాసులు ముట్టుకోవద్దన్నాడు. ఆ తర్వాత కొడుకు చదివే ప్రైవేటు బడిలో పిల్లవాడి రక్తపరీక్ష కాగితం తెమ్మన్నారు.

ఉత్తరం చివర ఆమె ఇలా రాశారు: "ఒకరు మానవ హక్కుల కమిషన్‌కు రాయమంటారు, ఒకరు పోలీసు కేసు పెట్టమంటారు, మా అన్న హైకోర్టుకు పోదామంటాడు, మా అమ్మ నోరు మూసుకుని ఆ పదిహేను వేలు తీసుకోమంటుంది. కోర్టుకు పోతే నా పేరు పేపర్లో పడదా, మేడమ్? నా బిడ్డకు పెళ్లి కావద్దా? నాకు అన్యాయం జరిగిందని నాకు తెలుసు. ఆ సంగతి కోర్టుకు తెలుస్తుందా?"

అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

మీకు జరిగిన అవమానం ఎంత లోతైనదో కోర్టు ముందుగా అడగదు. ఆ మేనేజరు మనసులో ఏముందో, మీ మీద కక్ష ఉందో లేదో కూడా అడగదు. వివక్ష కేసుల్లో న్యాయమూర్తి చూసేవి బాగా పొడిగా కనిపించే సంగతులు: మిమ్మల్ని మిగతావాళ్ల నుంచి వేరుచేసి చూశారా, ఏ కారణం మీద వేరుచేశారు, ఆ కారణం పనికి నిజంగా సంబంధించినదేనా, చట్టం కోరిన పద్ధతి పాటించారా. ఇలా అడిగితే బాధను పట్టించుకోనట్లు అనిపిస్తుంది, కానీ ఈ పద్ధతి మీకే మేలు చేస్తుంది. ఎదుటివాడి మనసులోని ద్వేషాన్ని రుజువు చేయడం ఎవరివల్లా కాదు. తొమ్మిదేళ్లు పనిచేసిన మనిషిని రక్తం తీసిన పదకొండో రోజున, కాగితం ఇవ్వకుండా మాన్పించారని చూపించడం మాత్రం మీవల్ల అవుతుంది.

పైగా మీ విషయంలో చట్టం చాలా స్పష్టంగా ఉంది. హెచ్ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణకు 2017లో పార్లమెంటు చేసిన చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. రాజ్యాంగంలోని 14వ, 16వ అధికరణాలు ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టడి చేస్తాయి, ఈ చట్టం ప్రైవేటు యజమానిని కూడా కట్టడి చేస్తుంది. హెచ్ఐవీ ఉన్న ఉద్యోగిని తీసేయాలంటే యజమాని రెండు కాగితాలు ఆ ఉద్యోగి చేతికి ఇచ్చి తీరాలని ఇందులోని మూడో సెక్షను చెబుతోంది. మొదటిది, యాజమాన్యంతో సంబంధం లేని, అర్హత గల వైద్యుడు రాసిన నివేదిక. ఈ మనిషి వల్ల పనిచోట ఇతరులకు వైరస్ సోకే గణనీయమైన ప్రమాదం ఉందని గానీ, ఈమె ఆ పని చేయగల స్థితిలో లేదని గానీ అందులో ఉండాలి. రెండోది యజమాని రాసి ఇవ్వవలసిన వివరణ. ఆమెకు తగిన సర్దుబాటు చేసి పనిలో ఉంచుకోవడానికి తనకు ఏ పరిపాలనాపరమైన, ఆర్థికపరమైన ఇబ్బంది ఉందో, అది ఎంత మేరకు ఉందో అందులో రాయాలి. ఈ రెండూ ఇవ్వకుండా తీసేస్తే ఆ తీసివేతనే చట్టం వివక్ష అంటుంది. మీకు వాళ్లు ఒక్క కాగితమూ ఇవ్వలేదు. అది మీకు అన్యాయంగా తోచడం సహజమే గానీ, రేపు ఏ అధికారి ముందైనా మీ వాదనకు అన్నిటికంటే గట్టి ఆధారం ఆ ఇవ్వని కాగితమే.

"తినే సరుకు" అన్న మాట సంగతి కూడా చూద్దాం, ఎందుకంటే విచారణలో యాజమాన్యం మొదట ఎత్తేది దాన్నే. హెచ్ఐవీ తిండి ద్వారా గానీ, నీళ్ల ద్వారా గానీ, ముట్టుకోవడం వల్ల గానీ సోకదు. కత్తి తెగి రక్తం వస్తే ఏం చేయాలన్నది ఆహారం తయారయ్యే ప్రతిచోటా అందరికీ వర్తించే శుభ్రత నియమం: ఎవరి వేలు తెగినా పని ఆపాలి, ఆ సరుకు పక్కన పెట్టాలి. ఐసు నీళ్లలో వేళ్లు తిమ్మిరెక్కి ఎన్నిసార్లు తెగి ఉంటాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ నియమం మీకొక్కరికే ప్రమాదంగా ఎలా మారిందో వాళ్లు వివరించాలి. ఆర్డర్లు పోతాయన్న భయాన్ని కూడా ఊరికే నోటిమాటగా చెబితే చాలదు, ఇందాక చెప్పిన రెండో కాగితంలో లెక్కతో సహా రాయాలి.

ఈ చట్టం రాకముందు కూడా న్యాయస్థానాలు ఇదే దారిలో నడిచాయి. ఒక ప్రభుత్వ రంగ సంస్థలో రోజుకూలీగా పనిచేస్తున్న మనిషిని హెచ్ఐవీ ఉందన్న ఒక్క కారణంతో పక్కన పెట్టినప్పుడు, పని చేయగల స్థితిలో ఉండి, ఇతరులకు ప్రమాదం కలిగించని మనిషికి పని నిరాకరించడం చెల్లదని 1997లో బొంబాయి హైకోర్టు తేల్చింది. 2006లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, హెచ్ఐవీ ఉన్నవారికి పోలీసు ఉద్యోగం ఇవ్వనవసరం లేదన్న పోలీసు మాన్యువల్ నిబంధనను రాజ్యాంగ విరుద్ధమంది. ఈ రెండు కేసుల్లోనూ పిటిషన్ వేసినవారి అసలు పేరు తీర్పులో లేదు. బొంబాయి కేసులో ఆయన "ఎంఎక్స్", సంస్థ "జెడ్‌వై". ఇరవై ఎనిమిదేళ్లు దాటినా లాయర్లు ఆ కేసును ఆ అక్షరాలతోనే చెప్పుకుంటారు.

పేరు పేపర్లో పడుతుందన్న మీ భయానికి జవాబు ఇక్కడే ఉంది. 2017 చట్టంలోని 34వ సెక్షను ప్రకారం మీరు గానీ మీ తరఫున మరొకరు గానీ దరఖాస్తు పెడితే, న్యాయప్రయోజనం కోసం కోర్టు మీ పేరును దాచి మారుపేరుతో కేసు నడిపించవచ్చు, విచారణను మూసిన గదిలో జరపవచ్చు, మీ గుర్తింపు తెలిసేలా ఎవరూ ప్రచురించకూడదని ఆదేశించవచ్చు. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, సైనిక ఆసుపత్రిలో ఎక్కించిన రక్తం వల్ల హెచ్ఐవీ సోకిన ఒక మాజీ వైమానిక దళ ఉద్యోగి కేసులో, ఈ గోప్యతను పాటించడానికి దేశంలోని కోర్టులన్నీ తగిన ఏర్పాట్లు చేయాలనీ, ఇలాంటి కేసులను త్వరగా విచారించాలనీ చెప్పింది. మారుపేరు దానంతట అదే రాదు, అడగాలి. అందుకే మీ లాయరు వేసే మొట్టమొదటి దరఖాస్తు ఇదే కావాలి. అసలు పిటిషన్ మీ పేరుతో ఫైలైపోయి, నంబరు పడి, కాజ్ లిస్టులో (ఆ రోజు విచారణకు వచ్చే కేసుల పట్టికలో) అచ్చయిన తర్వాత గుర్తుకొస్తే జరగవలసిన నష్టం జరిగిపోతుంది.

ఇంకొకటి కూడా ఉన్నదున్నట్లు చెప్పాలి. కోర్టు పేపరువాళ్ల నోరు మూయించగలదు గానీ ఊరి నోరు మూయించలేదు. ఆ వాయిస్ మెసేజ్‌తో మీ పేరు ఊళ్లో ఇప్పటికే బయటపడింది, అది మీరు కోర్టుకు పోవడం వల్ల కాలేదు. ఊరుకుంటే పేరు దాగుతుందన్న మీ అమ్మగారి ఆలోచనకు ఇప్పుడు ఆధారం లేదన్నది నా అభిప్రాయం, అయితే ఆ ఊళ్లో ఉండేది మీరు, నిర్ణయించుకోవలసిందీ మీరే.

ఇక ఎక్కడికి వెళ్లాలన్నది. మీకు సలహా ఇచ్చిన నలుగురూ నాలుగు తలుపులు చూపించారు. ఏ తలుపు తడితే ఏం దొరుకుతుందో మాత్రం ఎవరూ చెప్పినట్లు లేదు. పోలీసు కేసు శిక్ష వేయిస్తుంది, ఉద్యోగం ఇప్పించదు. కమిషన్ సిఫారసు చేస్తుంది. మీకు కావలసింది తిరిగి పనా, రావలసిన డబ్బా, ఆ సూపర్‌వైజరుకు శిక్షా, లేక ఈ గొడవ ఇంతటితో ఆగడమా అన్నది ముందు మీరు తేల్చుకోవాలి. అన్నీ కావాలనుకోవడం తప్పేమీ కాదు, వాటిలో ఏది ముందు అన్నదే ప్రశ్న.

మానవ హక్కుల కమిషన్ పేరు పెద్దది గనుక అందరూ మొదట దాన్నే చెబుతారు. 1993 నాటి మానవ హక్కుల చట్టం కింద ఏర్పడ్డ ఈ కమిషన్లు ప్రధానంగా విచారించేది ప్రభుత్వోద్యోగులు చేసిన హక్కుల ఉల్లంఘనను, లేదా ఉల్లంఘన జరుగుతుంటే వాళ్లు చూపిన నిర్లక్ష్యాన్ని. ఉద్యోగ వివాదాలను, కార్మిక వివాదాలను కమిషన్లు మామూలుగా తీసుకోవు. తీసుకున్నా చివరకు వచ్చేది సిఫారసే. ప్రైవేటు ఫ్యాక్టరీ మీద మీరు పెట్టే ఫిర్యాదు నెలల తర్వాత "మా పరిధిలోకి రాదు" అన్న ఒక్క వాక్యంతో తిరిగొచ్చే అవకాశమే ఎక్కువ. అయితే ఒక్క సంగతి కనుక్కోండి: ఆ హెల్త్ క్యాంపులో రక్తం తీసింది ప్రైవేటు ల్యాబువాళ్లా, ప్రభుత్వ ఆరోగ్య సిబ్బందా? ప్రభుత్వ సిబ్బందే మీ ఫలితాన్ని కంపెనీకి అందించి ఉంటే అప్పుడు కమిషన్‌కు రాయడంలో అర్థం ఉంటుంది. జరిగిన ఏడాదిలోపే రాయాలి, ఆ గడువు దాటితే కమిషన్ విచారించడానికి వీల్లేదు.

మీ అన్నగారు చెప్పిన హైకోర్టు సంగతీ కొంత ఇలాంటిదే. రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద హైకోర్టులో వేసే రిట్ పిటిషన్ ప్రభుత్వం మీద, ప్రభుత్వ సంస్థల మీద నడిచేది. ప్రైవేటు కంపెనీ ఉద్యోగిని తీసేసిందని నేరుగా అమరావతికి వెళితే, వేరే మార్గం ఉండగా ఇక్కడికెందుకు వచ్చారని అడుగుతారు. మీరు ఫిర్యాదు ఇచ్చాక దాన్ని విచారించవలసిన అధికారి కదలకుండా కూర్చుంటే మాత్రం, ఇన్ని వారాల్లో తేల్చమని ఆ అధికారిని ఆదేశించమంటూ రిట్ వేయవచ్చు. అంచేత అన్నగారి ఆలోచనను కొట్టిపారేయవద్దు, తర్వాతి అడుగుకు ఉంచుకోండి.

పని తిరిగి కావాలంటే దారులు రెండున్నాయి, రెండూ ఒకేసారి నడిపించవచ్చేమో మీ లాయరును అడగండి. మొదటిది 2017 చట్టంలోనే ఉంది. వందమంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలోనూ ఈ చట్టం కింద ఫిర్యాదులు తీసుకునే అధికారి ఒకరు ఉండాలి. మీ ఫ్యాక్టరీలో ఒక షిఫ్టుకే అంతకంటే ఎక్కువమంది వస్తారని రాశారు. ఆ అధికారి పేరిట, పేరు తెలియకపోతే "ఫిర్యాదుల అధికారి" అని, మేనేజింగ్ డైరెక్టరుకు కాపీతో, రసీదు వచ్చే రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదు పంపండి. నన్ను ఏ తేదీన ఎందుకు తీసేశారు, చట్టం చెప్పిన రెండు కాగితాలు ఎక్కడ, నా అనుమతి లేకుండా హెచ్ఐవీ పరీక్ష ఎలా చేశారు అన్న మూడు ప్రశ్నలు అందులో ఉంటే చాలు. వాళ్లు జవాబిచ్చినా ఇవ్వకపోయినా అది మీకు ఆధారమే. దాని తర్వాత, ఇలాంటి ఫిర్యాదులు విచారించడానికి రాష్ట్ర ప్రభుత్వం నియమించే అంబుడ్స్‌మన్ ఉన్నారు. వివక్ష ఫిర్యాదు అందిన 30 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలని చట్టం చెబుతోంది. ఆ ఉత్తర్వును పాటించనివారికి 10,000 రూపాయల వరకు, ఆ తర్వాత కూడా పాటించకపోతే రోజుకు 5,000 రూపాయల వరకు జరిమానా పడుతుంది. ఆ ఫిర్యాదు ఎవరికి, ఏ చిరునామాకు పంపాలో మీ ఏఆర్‌టీ కేంద్రంలోని కౌన్సెలరును గానీ, ఉచిత ఫోన్ నంబరు 1097ను గానీ అడగండి.

రెండో దారి కార్మిక శాఖ. మీరొక్కరే అయినా, యూనియన్ లేకపోయినా, తొలగింపు మీద కార్మిక వివాదం లేవదీయవచ్చు. కార్మిక శాఖ అధికారి మొదట రెండు పక్షాలనూ పిలిచి రాజీకి ప్రయత్నిస్తారు. 45 రోజులు గడిచినా తేలకపోతే మీరే నేరుగా కార్మిక వివాదాలు తేల్చే ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో ఇందుకు మూడేళ్ల గడువుండేది, 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో అది రెండేళ్లు. ఏది వర్తిస్తుందన్న వాదనలోకి దిగకుండా, తొలగించిన రోజు నుంచి రెండేళ్లే మీ గడువనుకుని నడవండి. అక్రమంగా తీసేశారని తేలితే తిరిగి పనిలోకి తీసుకోవడం, మధ్యకాలపు వేతనం ఇవ్వడం మామూలు నియమమని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆ మధ్యకాలంలో మీకు వేరే మంచి సంపాదన లేదని మీరు చెప్పాలి. బతకడానికి మిరపకాయల కోతకో నాట్లకో పోతే దాచకండి. ఆ కూలి చూపించినంత మాత్రాన కేసు పోదు గానీ, దాచిపెట్టింది బయటపడితే మీ మిగతా మాటలనూ నమ్మరు.

ఈ దారిలో యాజమాన్యం వేసే ఎత్తు ఒకటుంది. "ఆమె మా ఉద్యోగే కాదు, కాంట్రాక్టరు మనిషి" అంటారు. కాంట్రాక్టరు సంతకానికి తిరుగుతున్నాడంటే ఆ మాట ఇప్పటికే సిద్ధమైనట్లుంది. మీ మెడలో వేసుకునే ఐడీ కార్డు మీద ఎవరి పేరుందో చూడండి. పీఎఫ్ పాస్‌బుక్‌లో ఏ సంస్థ పేరుతో డబ్బు జమవుతోందో, ఈఎస్ఐ కార్డులో యజమానిగా ఎవరున్నారో చూడండి. తొమ్మిదేళ్లు మీకు రోజూ పని చెప్పింది, సెలవు ఇచ్చింది, తప్పు పడితే జీతం కోసింది ఎవరో రాసిపెట్టుకోండి. నడవడానికి సమయం పట్టేది ఈ భాగమే, ఏడాదిలో తేలుతుందని నేను మాట ఇవ్వలేను. వాయిదాలకు పోయిరావడం, ఆ రోజు కూలి పోగొట్టుకోవడం ఇవన్నీ లెక్క వేసుకునే దిగండి.

లాయరు ఖర్చు మాత్రం మిమ్మల్ని ఆపకూడదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కుగా ఉంది. నెల్లూరు కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లవచ్చు, ముందుగా 15100కు ఫోన్ చేయవచ్చు. కౌంటరు దగ్గర పదిమంది నిలబడి ఉండగా జబ్బు పేరు చెప్పనక్కర్లేదు. "ఉద్యోగం నుంచి తీసేశారు, మిగతాది లాయరుకే చెబుతాను" అంటే చాలు.

ఇప్పుడు పోలీసు కేసు. ఆ వాయిస్ మెసేజ్ 2017 చట్టంలోని నాలుగో సెక్షను కిందికి వస్తుందని నా ఉద్దేశం. హెచ్ఐవీ ఉన్న మనిషి మీద ద్వేషం, వివక్ష కలిగేలా మాటలతో గానీ రాతతో గానీ ప్రచారం చేయడాన్ని అది నిషేధిస్తుంది. శిక్ష మూడు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. పోలీసులు కేసు నమోదు చేయగల నేరమే గానీ బెయిలు దొరికేది. ఆ సూపర్‌వైజరు సాయంత్రానికి ఇంటికి వస్తాడు, అదే ఊరి అదే బస్సు ఎక్కుతాడు. మీరు స్టేషన్‌లో వాంగ్మూలం ఇవ్వాలి, గ్రూపులో ఆ మెసేజ్ విన్న ఆడవాళ్లలో ఒకరిద్దరు సాక్ష్యానికి రావాలి, వాళ్లంతా ఆ ఫ్యాక్టరీ కూలితో బతుకుతున్నవాళ్లే. ఇదంతా చెప్పి మిమ్మల్ని భయపెట్టాలని కాదు. పని తిరిగి రావడం మీకు ముఖ్యమైతే, ఆ మెసేజ్‌ను ఇప్పుడే భద్రపరుచుకుని, పోలీసు ఫిర్యాదు ఎప్పుడివ్వాలో లాయరుతో మాట్లాడి నిర్ణయించుకోవడం మంచిదని నాకనిపిస్తోంది. అదే మెసేజ్ మీ పిల్లల మీదికి పాకితే, ఇంటి మీదికి ఎవరైనా వస్తే, అప్పుడు ఆగనక్కర్లేదు.

కొడుకు బడి విషయంలో ఆలోచించడానికి ఏమీ లేదు. హెచ్ఐవీ ఉన్నవారితో ఒకే ఇంట్లో ఉంటున్నవారికి కూడా ఈ చట్టం రక్షణ ఇస్తుంది. చదువుకోవడానికి హెచ్ఐవీ పరీక్ష షరతుగా పెట్టడాన్ని నిషేధిస్తుంది. పిల్లవాడికి లేదన్న రిపోర్టు మీ దగ్గర ఉంది కదా, చూపించేస్తే పోతుంది కదా అని అనిపించవచ్చు. దయచేసి చూపించకండి. ఈ రోజు లేదన్న కాగితం ఇస్తే, ఉన్న పిల్లవాడిని పంపేయవచ్చన్న మాటకు మీరు ఒప్పుకున్నట్లవుతుంది. ఏ నిబంధన కింద అడుగుతున్నారో రాసి ఇమ్మని హెడ్‌మాస్టరును అడగండి. చాలాచోట్ల వ్యవహారం అక్కడితో ఆగిపోతుంది.

మీ అమ్మగారు చెప్పిన దారిని కూడా నేను తక్కువ చేయను. రాజీ పడి, డబ్బు తీసుకుని, ఇంకోచోట పని చూసుకోవడం చేతగానితనమేమీ కాదు. ఆ హాలులోకి తిరిగి వెళితే అదే బల్ల దగ్గర, తల తిప్పుకున్న ఆ మనిషి పక్కనే నిలబడాలి. అది మీకు వద్దనిపిస్తే అలా అనుకునే హక్కు మీకుంది. కానీ రాజీ పడేటప్పుడు లెక్క తెలిసి పడండి. ఐదేళ్లు దాటి పనిచేసినవారికి ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున గ్రాట్యుటీ, అంటే పని మానేటప్పుడు ఇవ్వవలసిన మొత్తం, వస్తుంది, రోజు వేతనానికి నెల జీతాన్ని 26తో భాగిస్తారు. మీరు రాసిన 13,000 అంతా బేసిక్, డీఏ అయితే రోజుకు 500, ఏడాదికి 7,500, తొమ్మిదేళ్లకు 67,500 రూపాయలు. పీఎఫ్ వేరు, నోటీసు కాలపు జీతం వేరు. అన్యాయంగా తీసేసినందుకు అడగగల పరిహారం ఇందులో ఇంకా కలపనే లేదు. కాంట్రాక్టరు దయతలచి ఇస్తానంటున్న 15,000, మీకు ఎలాగూ రావలసిన గ్రాట్యుటీలో నాలుగో వంతు కూడా కాదు. రాజీ అంటూ జరిగితే కార్మిక శాఖ అధికారి ముందు, లాయరు పక్కన ఉండగా, ప్రతి మొత్తం దేనికో విడివిడిగా రాయించి, బ్యాంకు ఖాతాలో వేయించుకోండి. మీ ఆరోగ్య సంగతి ఇకపై ఎవరికీ చెప్పబోమన్న షరతు కూడా అందులో రాయించండి.

ఏ దారి పట్టినా ఈ వారంలో చేయవలసిన పని ఒకటే. నోటుపుస్తకం తీసుకుని, హెల్త్ క్యాంపు రోజు నుంచి నేటివరకు తేదీలవారీగా జరిగింది రాయండి. డ్రైవరు అన్న మాట అన్నట్లుగా, హెచ్ఆర్ ఆఫీసులో ఎవరు కూర్చుని ఉన్నారో, గోడ మీద గడియారంలో ఎంతయిందో గుర్తుంటే అది కూడా. ఆ తర్వాత ఎవరేమన్నారో కలగాపులగం అయిపోతుంది, రెండేళ్ల తర్వాత యాజమాన్యం లాయరు అడిగే ప్రశ్నలన్నీ ఆ కలగాపులగం మీదే ఉంటాయి. క్యాంపు రోజున సూది గుచ్చినచోట అంటించిన దూదితో పాటు నంబరు చీటీ ఇచ్చారని రాశారు, అది ఇంకా మీ పర్సులో ఉంటే పారేయకండి. వాయిస్ మెసేజ్‌ను మీ అన్నగారి ఫోన్‌లోకి కూడా పంపించి ఉంచండి, అసలు ఫోన్ మార్చకండి, అమ్మకండి. ఏఆర్‌టీ కార్డు, వైరల్ లోడ్ రిపోర్టు జిరాక్సు తీయించేటప్పుడు మాత్రం ఊళ్లో తీయించకండి, నెల్లూరు వెళ్లినప్పుడు తీయించుకోండి.

కాంట్రాక్టరు మళ్లీ వస్తాడు. అప్పుడు గొడవ పడవద్దు. "చదివి చెబుతాను, కాగితం ఇక్కడ పెట్టిపోండి" అనండి. పెట్టిపోతే దాన్ని న్యాయ సేవాధికార సంస్థలో మీ లాయరుకు చూపించండి. పెట్టకుండా పట్టుకుపోతే, ఆ రోజు తేదీ వేసి ఆ సంగతి కూడా నోటుపుస్తకంలో రాసుకోండి.